పాదాల తనిఖీ

డెబ్బై ఏడు నవంబరు. ఉప్పెన వచ్చిన నాలుగో రోజు పొద్దున ఆరింటికి బెజవాడ స్టేషన్‌లో దిగాం. పట్టాళం వాళ్ళం పన్నెండు మందిమి, ఒక లారీ, రెండు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు. చల్లపల్లి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. దారి పొడుగునా పడిపోయిన తాడిచెట్లు కోసుకుంటూ వెళ్ళాం. ఒక బడిలో దించారు. గోడల మీద మోకాలెత్తున బురద గీత ఉంది.

మా పని సముద్రం వైపు ఊళ్ళలో శవాలు ఏరడం. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. ఉప్పునీళ్ళలో, బురదలో రోజుకు ఏడు గంటలు నడిచేవాళ్ళం.

ఆ నీళ్ళలో నానితే పాదాలు కుళ్ళుతాయి. అందుకని రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు, అన్నాలకు ముందు, పాదాల తనిఖీ. జవాన్ల మీద నాయక్‌ని నేను కాబట్టి ఆ పని నాది. ఒక్కొక్కడూ బిస్కట్ డబ్బా మీద కూర్చుని కాళ్ళు చాపాలి.

"గోళ్ళు తీశావా?"

"తీశానండి."

"పుండ్లు?"

"లేవండి."

పుస్తకంలో 'ఫిట్' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. కాళ్ళకు తనిఖీ, పడవలకు తనిఖీ, తాళ్ళకు తనిఖీ. వైర్‌లెస్ సెట్టుకైతే గంటగంటకూ.

"మాట ఎలా వినపడుతోంది? ఓవర్."

"బాగా వినపడుతోంది. ఓవర్."

ఆ వైర్‌లెస్ ఆపరేటరే ఒకరోజు నవ్వుతూ అన్నాడు. "చూశారా నాయక్ గారూ, ఈ డబ్బాకి గంటకోసారి కుశలప్రశ్నలు. మనల్ని అడిగే నాథుడు లేడు." అందరం నవ్వాం. నవ్వి ఊరుకున్నాం.

లారీ డ్రైవరూ మా జవానే, గుణదల వాడు. మెతక మనిషి. మేం ఏరినవాళ్ళను లారీలో వేసుకుని మెరక మీదకు చేర్చేది అతనే. ఎనిమిదో రోజు వంటవాడు నా దగ్గరికొచ్చాడు.

"డ్రైవరు అన్నం చేత్తో ముట్టట్లేదండి. చెంచా అడిగాడు. సబ్బుబిళ్ళ రెండ్రోజులక్కూడా రావట్లేదు."

"చెంచాతో తింటే నీకేం పోయిందయ్యా? దొరబాబు, తిననీ" అన్నాను.

ఆ మాట క్యాంపంతా పాకింది. పప్పన్నం చెంచాతో తినే తెలుగువాణ్ణి చూసి నవ్వకుండా ఎవరుంటారు? దొరబాబు, దొరబాబు అని పిలిచాం. అతనూ నవ్వాడు. ఆ పేరు పెట్టింది నేనే.

పన్నెండో రోజు, పదకొండింటికి, కాలవగట్టు మీద లారీ ఆగిపోయింది. వెనకాల పడవ దగ్గర్నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఇంజను ఆపేసి ఉంది. అతను సీట్లో కూర్చుని అరచేతులు పైకి పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఫినాయిలు, సబ్బు కలిపి తోమీ తోమీ తోలంతా ఊడి, మణికట్టు దాకా పచ్చిపుండు.

"పోవట్లేదండి" అన్నాడు. "ఎంత కడిగినా వాసన పోవట్లేదండి. స్టీరింగు ముట్టుకోలేనండి."

మా పై అధికారి సుబేదారు వచ్చాడు. నడపమని మూడుసార్లు ఆర్డరిచ్చాడు. అతను కదల్లేదు. సాయంత్రం విచారణలో సుబేదారు నా పుస్తకం బల్లమీద పెట్టాడు.

"పన్నెండు రోజులూ ఫిట్. జ్వరం లేదు. చేతులంటావా, పని ఎగ్గొట్టడానికి తనే చేసుకున్నాడు. నాటకాలు! సంతకం నీదేనా?"

"నాదే సార్."

అంతే అన్నాను. వంటవాడు చెప్పింది చెప్పలేదు. చెప్పడానికి ఆ పుస్తకంలో గడి లేదు మరి! శిక్ష వేశారు, ఆనక పనికిరాడని ఇంటికి పంపేశారు. లారీకి బ్రేకు పోతే బాగుచేశారు గాని, డ్రైవరుకు ఏం పోయిందో ఒక్కడు అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. సుబేదారు మీద సగం, నా మీద సగం.

ఇరవై రెండో రోజు బెజవాడలో రైలెక్కాం. మరుసటేడు పెన్షన్ మీద కొండపల్లి వచ్చేశాను. నాకేమీ కాలేదనుకున్నాను. ఒకనాడు ఇంటిముందు దింపిన చేపల గంప వాసన తగిలి బెస్తామెను నానా మాటలూ అని, ఆమె వెళ్ళాక గంటసేపు వణికాను. బావమరిదితో చెబితే గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరితోనూ అనకు బావా. పిచ్చంటారు. ఇంట్లో పెళ్ళికావలసిన పిల్లలున్నారు."

కాలికి పుండైతే అరుగు మీద కూర్చుని పదిమందికీ చూపిస్తాం. ఇది మాత్రం పెళ్ళిచూపులకు అడ్డమా? ఎవరు పెట్టారయ్యా ఈ రూలు?

అందుకని నాకు నేనే తనిఖీ పెట్టుకున్నాను. రోజూ ఒంటిగంటకు, అన్నానికి ముందు, పైకే అడుగుతాను. నిద్ర పట్టిందా? ముద్ద దిగిందా? ఎవరి మీద అరిచావు?

"ఎవరిమీదా లేదు" అంటే మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంటుంది. "అబద్ధం. పొద్దున్నే పాలామెను కసిరారు. రాసుకోండి."

రాసుకుంటాను. వరసగా మూడు రోజులు ముద్ద దిగకపోతే బెజవాడ బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళతాను. ఊళ్ళో నవ్వేవాళ్ళు నవ్వుతారు. మేమూ నవ్వినవాళ్ళమే.

అన్నం ముందు కూర్చున్నప్పుడు రోజూ ఆ డ్రైవరే కనిపిస్తాడు. లారీ ఆగడానికి ముందురోజు తనిఖీలో, బిస్కట్ డబ్బా మీద కూర్చుని కాళ్ళు చాపాడు. శుభ్రమైన పాదాలు, తీసిన గోళ్ళు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"చలేస్తోందా?" అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"అవునండి" అన్నాడు.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. ఉక్కకు ఓర్వలేక నేను చొక్కా విప్పేసి ఉన్నాను.