నాపరాళ్ల మీద లెక్క

ఆ రోజు పొద్దెక్కినా మంచు విడవలేదు. కాయ తడిగా ఉందని మిరపకోత ఆపి, కళ్లంలో ఆరబోసినదాన్ని తిరగేస్తున్నాం. నందిగామ నుంచి బడి బంట్రోతు సైకిలు మీద వచ్చి, తెల్లవారకముందే బావగారు పోయారని చెప్పాడు. గుండెనొప్పి అన్నాడు. చేతులు కడుక్కుని జగ్గయ్యపేట వెళ్లి బస్సెక్కాను.

బావగారంటే మా అక్కయ్య భర్త. నందిగామలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఇది చదివేవారిలో ఆయన శిష్యులూ ఉంటారు. మద్రాసులో పరిశోధన చేసి పట్టా లేకుండా తిరిగొచ్చారని వాళ్లకు తెలుసు. ఎందుకో తెలియదు.

ఆయన పని ఇంటిగ్రల్ ఆపరేటర్ల మీద. చెయ్యెత్తకుండా గీసే గీతలాంటివి అవిచ్ఛిన్న ప్రమేయాలనీ, వాటిని ఒక పద్ధతిలో కూడి మరింత నునుపైన గీతగా మార్చేది ఆపరేటరనీ చెప్పేవారు. నేను వెర్రిమొహం వేస్తే, "ఏవోయ్ మిరపకాయా, గుంటక తోలితే గడ్డలు చితికి చేను సాపవదూ? ఇదీ అంతే" అనేవారు.

హద్దులున్న చోట నిజమైన ఒక సూత్రం హద్దు లేని చోటా నిజమేనని ఆయన సిద్ధాంత వ్యాసంలో రాశారు. పరీక్షకులు ఒప్పుకున్నారు. పట్టా చేతికొచ్చే ముందు తప్పు ఆయనకే కనబడింది. తన ఆచార్యుడికి చెప్పి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. దానితో బెజవాడలో రావలసిన కాలేజీ ఉద్యోగమూ పోయింది.

"ఎవరూ చూడలేదుగా?" అంది అక్కయ్య.

"నేను చూశాగా."

నాతో మాత్రం, గట్టు లేని మడికి నీళ్లు పెట్టానోయ్ అని నవ్వారు.

అప్పటి నుంచి దాన్ని సరిచేయడానికే చూశారు. వసారాలో పరిచిన నాపరాళ్ల మీద సుద్దముక్కతో రాసుకుంటూ పోయేవారు. రాసిన మేర ఇంట్లో ఎవరూ తొక్కేవారు కాదు. తప్పు తేలితే "కడిగెయ్" అనేవారు. అక్కయ్య నీళ్లు పోసేది. పోయిన వారమంతా ఆయన ఆ మాట అనలేదట. దూరం పోయేకొద్దీ విలువ తగ్గించి కొలిస్తే సూత్రం నిలబడుతోందని, ఇంకొక్క మెట్టు చూసుకుని కాగితం మీదికి ఎక్కిస్తానని చెప్పారట. ఆచార్యుణ్ణి రమ్మని కబురు కూడా పెట్టారు.

నేను వెళ్లేసరికి ఆయన్ను ఆ రాళ్ల మీదే చాప వేసి పడుకోబెట్టారు. చాప చుట్టూ సుద్దగుర్తులు కొన్ని మిగిలి ఉన్నాయి. ఏది మొదలో, ఏది చివరో నాకు తెలియలేదు. చూడవచ్చినవాళ్లు నిలబడ్డ చోట అవీ చెరుగుతున్నాయి.

శవం లేచాక ఇల్లు కడగాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు బిందెలతో వచ్చి, వసారా దగ్గర ఆగి అక్కయ్య ముఖం చూశారట.

"కడగండమ్మా" అందట.

మర్నాడు ఆచార్యుడు వచ్చారు. లెక్క చూద్దామనే బయలుదేరారట. పోయిన సంగతి బస్టాండులో తెలిసింది. ఎక్కడ రాశారని అడిగితే అక్కయ్య వసారా చూపించింది. ఆయన చెప్పులు విడిచి రాళ్ల అంచున కూర్చున్నారు.

"సరైందేనంటారా అండీ?" అని అక్కయ్య అడిగింది.

"అయ్యుండొచ్చమ్మా. చూడందే చెప్పలేను. అలా చెబితే ఆయనే ఒప్పుకోరు."

భోజనం వద్దన్నారు. మజ్జిగ తాగి, మద్రాసు రైలు అందుకోవడానికి మూడు గంటల బస్సుకు బెజవాడ వెళ్లిపోయారు.