ఇంటికి పోయే ఏడుపు

ఇందుమూలముగా శంషాబాద్ పురప్రజలకు తెలియజేయునది ఏమనగా: ఎవరి మేక ఎవరి దండెం మీది చీర నమిలినా, ఏ పెళ్లిలో బగారన్నం అడుగంటినా, ఎవరి కోడిపుంజు తప్పిపోయినా, ఆ వార్త మొట్టమొదట నా ఆటో మీది మైకులోనే వినబడవలెను. మైక్ సెట్లు కిరాయికిచ్చే నేను నాకు నేనే ఇచ్చుకున్న హోదా ఇది.

పోయిన మంగళవారం అదే మైకులో మా పై పోర్షన్ డాక్టరమ్మ చనిపోయిందని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

కిరాణా దుకాణం అక్క బయటికొచ్చి మరీ తిట్టింది. "థూ, నీ నోట్ల మన్నువడ! పొద్దుగాల నా కాడనే పాలప్యాకెట్ కొనుక్కపోయింది. గిసొంటియి ఆడుతరార?"

ఆమెను అనడానికి లేదు. బతికున్న మా బావకు సంతాప సభ అని వాడకట్టునంతా పిలిచి, వచ్చినవాళ్లకు ఆయన చేతే చాయ్ పోయించినవాణ్ణి నేను.

అసలు నేనే నమ్మలేదు. దవాఖాన నుంచి వార్డు సిస్టర్ ఫోన్ చేసింది. డాక్టరమ్మ కారిడార్‌లో నడుస్తూ నడుస్తూ కూలబడిందని, గుండె ఆగిపోయిందని చెప్పింది. నేను ఆ సిస్టర్‌ను ఎన్నోసార్లు ఆటపట్టించాను, బదులు తీర్చుకుంటోందనుకున్నాను. "మంచిగ నేర్చినవ్ సిస్టరమ్మా, ఏడుపు ఒక్కటే జర సరిపోలే" అన్నాను. అవతల ఏడుపు ఆగలేదు. కూర్చోడానికి కుర్చీ కోసం చూశాను. కుర్చీలోనే కూర్చుని ఉన్నానని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మది గోదావరి వైపు. అప్పుడే పుట్టిన పిల్లల ఏడుపులు రికార్డు చేసి, కంప్యూటర్‌లో వాటి గీతలు చూసేది. నెలలు నిండి పుట్టినవాళ్ల ఏడుపుకూ, ముందే పుట్టినవాళ్ల ఏడుపుకూ తేడా ఏమిటన్నది ఆమె చదువు. మా ఇంట్లో దిగిన రోజు ఆ సంగతి విని ఊరుకోలేకపోయాను.

"ఏడుపులు జమచేసెటోళ్లను గిప్పుడే చూస్తున్న, డాక్టరమ్మా. మా ఇంట్ల మస్తుగున్నయి. కిలోల లెక్క ఇస్త."

ఆమె నవ్వలేదు. "నెలలు నిండినవేనా, మైకుగారూ?" అంది.

నన్ను గారు అన్న మొదటి మనిషి ఆమే. ఠాణాలో నన్ను చాలా పేర్లతో పిలిచారు గానీ, ఆ ఒక్క మాట తగిలించలేదు.

ఆమెకొక అలవాటు ఉండేది. నెత్తి మీద విమానం మోత వినబడితే చాలు, వేలు పైకెత్తేది. మాట ఎక్కడుంటే అక్కడే ఆగిపోయేది. మోత పూర్తిగా పోయాక, వదిలిన చోటు నుంచే అందుకునేది. రికార్డింగులో పడ్డ అలవాటు కూరగాయల బేరం దాకా వచ్చింది. "వంకాయలు ఎంత..." అని వేలెత్తి నిలబడితే, బండివాడు కూడా తక్కెడ పట్టుకుని అట్లాగే నిలబడేవాడు.

వార్డులో మిషన్ల కూతలు, బయట విమానాలు. ఏడుపు కంటే అవే ఎక్కువ పడుతున్నాయని ఆమె బాధపడితే, కాటేదాన్‌లో పరుపుల కార్ఖానా నుంచి స్పాంజి తెచ్చి మైకు చుట్టూ గూడు కట్టించాను. దాన్ని పరీక్షించడానికి నా దుకాణానికి వచ్చింది. ఆమె అటు తిరగ్గానే గూడులో మొహం పెట్టి పసిగుడ్డులా కేరుమన్నాను. పెళ్లిళ్లలో ఆ ఏడుపుతో ఎంతమంది తల్లుల్ని పరుగెత్తించానో! డాక్టరమ్మ గీతలు చూసి తల పంకించింది.

"ఈ శిశువుకు మీసాలొచ్చేశాయండీ, మైకుగారూ. ఎంత సన్నగా కూసినా లోపల గొంతు పొడుగు దాగదు."

నిండుగా పుట్టిన పిల్ల ఏడుపు ఒక దమ్ములో లేచి మెల్లగా దిగుతుందట. ముందే పుట్టినవాళ్లది చాలాసార్లు సన్నగా, ఎత్తులో, తెగి తెగి వస్తుందట. మా భాషలో ట్రెబుల్ ఎక్కువ. "అందరిదీ అలాగే ఉండదండీ, అదే తేలాలి. సూది గుచ్చకుండా ఏడుపే కబురు చెబితే ఎంత బాగుణ్ణు" అనేది.

అంతలో మా అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. మనవరాలు నా చెప్పంత లేదు. డాక్టరమ్మ వార్డులోనే గాజుపెట్టెలో పెట్టారు. ఏడిస్తే నూనె లేని తలుపు కిర్రుమన్నట్టుండేది. మా అమ్మాయి పాలు పిండి సీసాలో పంపాలి. రెండు రోజులు పంపింది. తర్వాత సీసా పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగింది. "ఎవరికి బాపు? అది ఉంటదా?" అంది.

డాక్టరమ్మ మా అమ్మాయిని అడిగి, పాప ఏడుపు రికార్డు చేసింది. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె వచ్చి ఒక మాట అంది. నేను దాన్ని లోపలికి మోసుకెళ్లాను.

"బిడ్డా, డాక్టరమ్మ గీతలు చూసింది. ఇది ఇంటికి పోయే ఏడుపంట."

మా అమ్మాయి ఇటు తిరిగింది. కాసేపటికి సీసా అందుకుంది.

పాప ఇల్లు చేరింది. ఇప్పుడు దాని గొంతుకు నా పెద్ద బాక్సులు కూడా సిగ్గుపడతాయి. ఆ మాట మాత్రం వార్డులో పాకిపోయింది. తల్లులు డాక్టరమ్మ కొంగు పట్టుకుని, "మాది గూడ ఇంటికి పోయే ఏడుపేనా, అమ్మా?" అని అడిగేవాళ్లు. సాయంత్రం మెట్లెక్కుతుంటే ఆమె భుజాలు వంగి కనిపించేవి.

మంగళవారం పొద్దున అవే మెట్ల మీద నన్ను ఆపింది. "మైకుగారూ, ఆ మాట సంగతి మీ అమ్మాయితో మీరే..." అంటుండగా విమానం వచ్చింది. వేలెత్తింది. మోత పోయేలోపు నేను ఆటో స్టార్ట్ చేసి జారుకున్నాను. అద్దంలో ఇంకా ఆ వేలు కనబడుతూనే ఉంది.

మధ్యాహ్నానికి ఫోన్.

ఆమె తమ్ముడు వచ్చాడు. ఊరికి తీసుకుపోవడానికి వ్యాన్ మా గేటు ముందే ఆగింది. మైకు విని నన్ను తిట్టిన కిరాణా అక్క చెప్పులు లేకుండా ఉరికొచ్చింది. మా అమ్మాయి పాపను చంకనేసుకుని, "నా పిల్ల బతుకుతదని ముందుగాల చెప్పింది ఈమెనే" అని అందరికీ చెప్పుకుంటూ ఏడ్చింది. అప్పుడే నెత్తి మీదికి విమానం వచ్చింది. ఎవరూ చెప్పకుండానే వాడకట్టంతా నోరు మూసుకుంది. మోత పోయింది. ఆమె మిగతా సగం మాట అందుకుంటుందని నేను ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ సగం నేనే పూర్తి చేస్తున్నాను. బిడ్డా, ఇది నువ్వు కూడా చదువు.

ఇంటికి పోయే ఏడుపు అని ఆమె అనలేదు. ఆ రోజు గోడ దగ్గర, "బతుకుతదా?" అని నేనడిగితే, "నాకు తెలియదండీ. ఈ గీతలు చాలామంది పిల్లల్ని కలిపితేనే ఏదైనా చెబుతాయి. ఒక్క పాప సంగతి చెప్పవు" అంది. అని వెళ్లిపోలేదు. నా పక్కనే గోడకు ఆనుకుని, లోపలి నుంచి ఆ కిర్రుమనే ఏడుపు వినబడినంతసేపూ నిలబడింది.

ఆమె నిలబడింది నిజం. ఆ మాట నేను పుట్టించింది.