మోకాలి నొప్పి అని చెప్పాను

ఇది ముందే రాయవలసింది. అప్పట్లో నాకు అక్షరాలు రావు. ఇంకొకరికి చెప్పి రాయించుకోదగ్గ సంగతీ కాదు. అరవై దాటాక చదువు వచ్చింది, అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

కోసపాళయంలో నాది ఒక్క గది. మిల్లులో పనిచేసిన మా ఆయన పోయాక ఇంట్లో మాటే లేకుండా పోయింది. ఒక్కోరోజు పూలమ్మే ఆమెతో "వద్దు" అన్నదొక్కటే నా నోట వచ్చిన మాట.

ఒకసారి నిజంగానే మోకాలు పట్టేసింది. పక్కింటి చెల్లి చూసి, "నువ్వు కదలొద్దక్కా, పాలు నే తెస్తా" అంది. పొద్దున్నే ప్యాకెట్ తెచ్చి, నా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, వాళ్ళ అత్తను కాసేపు తిట్టి పోయేది. నాలుగు రోజుల్లో నొప్పి పోయింది. పోయిందని నేను చెప్పలేదు. రెండేళ్ళు చెప్పలేదు. ఆమె అడుగుల చప్పుడు వినగానే కాలు చాపుకుని కూర్చునేదాన్ని. వీధిలోకి వెళ్తే కుంటేదాన్ని.

ఆ కుంటుడుతోనే డాక్టరమ్మ దగ్గరికీ వెళ్ళాను. యానాం మనిషి, తెలుగు చదువుకున్నది. ఆస్పత్రి పని కాక, గురువారాలు మా వీధి సమాజ మందిరంలో ఆడవాళ్ళను కూర్చోబెట్టేది. పాత చీర మీద ఒకరు పడుకుంటే ఇంకొకరు సుద్దతో చుట్టూ గీస్తారు. ఆ బొమ్మలో బాధ ఎక్కడుంటే అక్కడ రంగు దారంతో కుట్టాలి. ఆస్పత్రిలో చెప్పుకోని సంగతులు ఇలా బయటికొస్తాయా అని ఆమె పరిశోధన.

నా బొమ్మ గీసింది చెల్లే. నేను మోకాలి దగ్గర సూది పెట్టి ఊరికే కూర్చున్నాను. అందరూ పోయాక డాక్టరమ్మ నా కాలు మడిచి, చాపి చూసింది.

"ఇందులో ఏమీ లేదమ్మా."

"తెలుసు. నొప్పి లేదంటే నా గడప ఎవరు తొక్కుతారు?"

ఆమె నవ్వలేదు. ఈ మాట బొమ్మ కింద రాయొచ్చా, పేరు పెట్టను అని అడిగి వేలిముద్ర తీసుకుంది. తెలుగులో అయితే రాయమన్నాను. ఊరు తమిళులది; మా వీధిలో ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ బడిలో చదివేది తమిళం. అదే నా ధైర్యం.

చీరలు మందిరంలో వేలాడదీసిన రోజు చెల్లి నా బొమ్మ ముందు నిలబడింది.

"ఏందక్కా రాసుండేది?"

"మోకాలి నొప్పి అని."

"దానికి ఇంత పొడుగా? అది మోకాలా, రైలు బండా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మాట నా కళ్ళ ముందే వేలాడుతుంటే నాకే చదవరాదు.

నేర్పమని డాక్టరమ్మనే అడిగాను. ఆ వాక్యంతోనే మొదలుపెట్టింది. ఏడాది పట్టింది. ఒక సాయంత్రం వేలు పెట్టుకుని చివరిదాకా చదివాను. నేను అన్నది అన్నట్టే ఉంది. ఒక్క మాట కూడా మెత్తగా చేయలేదు.

నా గడప తొక్కే ఒకే ఒక్క మనిషికి ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. నిజం చెబితే ఆమె రాకపోవచ్చు. చెప్పకపోతే ఆమె వచ్చేది నా కాలి కోసమే.

మర్నాడు పొద్దున ఆమె లేవకముందే పాల బూత్‌కి నడిచి వెళ్ళాను. రెండు ప్యాకెట్లు తెచ్చి ఆమె తలుపు తట్టాను. తీసి, ముందు నా కాలు చూసింది.

"నడిచొచ్చినావా?"

"నడిచే వచ్చినా. కాలు ఎప్పుడో బాగైంది" అని, ఆమె ఏమీ అనకముందే వాళ్ళ మెట్టు మీద కూర్చున్నాను.