రెండు పక్కలా నిలబడిన మా కరాటే సార్

మొన్న ఉదయం పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా కరాటే సార్ నిద్రలోనే పోయారట. ఏడుస్తూనే ఉన్నాను గానీ, కళ్ళ ముందు మాత్రం కుప్పం పోటీల్లో ఆయన పరుగులే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది!

తొంభైలలో సార్ మదనపల్లెలో మాకూ, ఆదివారాలు పుంగనూరు పిల్లలకూ నేర్పేవారు. దెబ్బ సరిగ్గా పడితే మాకంటే ముందు ఆయనే గంతేసేవారు. టమాటా మండీలో పనిచేసే మా నాన్నకు ఇదేదీ నచ్చలేదు.

"ఆడపిల్ల కాళ్ళు విసిరేదేంది సార్? మానిపిస్తా."

"మానిపిద్దువులే అప్పా. ఒక్కసారి కుప్పం వచ్చి సూడు. ఆమీట నీ ఇష్టం."

నాన్న గొణుక్కుంటూనే కుప్పం వచ్చాడు. నేను ఫైనల్‌కి చేరాను. ఎదురుగా ఎవరనుకున్నారు? పుంగనూరు అమ్మాయి, సార్ శిష్యురాలే! సార్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అది ఎడమ కాలు ఎత్తుతాది, సూసుకో" అన్నారు. వెంటనే అటు ఉరికి, "దాని కుడి చెయ్యి కనిపెట్టుకో" అని ఆమెకూ చెప్పారు. రిఫరీకి చిరాకేసింది.

"ఒక పక్క నిలబడండి సార్!"

"రెండు పక్కలా నా బిడ్డలే ఉండారు. యాడ నిలబడాల?"

హాలంతా ఈలలు, చప్పట్లు. మా ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. చివరికి ఒక్క పాయింటుతో ఓడిపోయాను. ఇక నా కరాటే ముగిసినట్టేనని నాన్న వైపు చూడలేకపోయాను. సార్ మా ఇద్దరి చేతులూ పైకెత్తారు.

"నేను గెలిచినాను కదమ్మా, నువ్వు యాల ఏడుస్తాండావు?"

ఇంతలో నాన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"సార్, మళ్ళా పోటీ ఎప్పుడు?"

కొన్నేళ్ళకు నేనూ, ఆ పుంగనూరు అమ్మాయీ కలిసి మదనపల్లెలో క్లాసు పెట్టాం. సార్ అప్పుడప్పుడు వచ్చి, చిన్నపిల్లల వెనక వరసలో నిలబడి వాళ్ళతో పాటు చేసేవారు. "మీరేంది సార్, ఈడ?" అంటే, "నేర్చుకుంటాండాను, గమ్మునుండు" అనేవారు. అంత సంతోషంగా నేర్చుకోవచ్చని నాకు చూపించింది ఆయనే.

మొన్న సాయంత్రం సార్ ఇంటి ముందు రెండూళ్ళ శిష్యులం తెల్ల యూనిఫారాల్లో తల వంచి నిలబడ్డాం. సార్ భార్య గడపలోకి వచ్చి మమ్మల్ని కాసేపు చూశారు.

"ఏంది, ఇట్ల మూగోళ్ళ మాదిరి నిలబడినారు? ఆయన పిల్లోళ్ళేనా మీరు?"

తలలెత్తాం. పిడికిళ్ళు బిగించి అందరం ఒక్కసారే, సార్ నేర్పిన కరాటే కేక, "కియాయ్!" అని అరిచాం. వీధి చివర బస్సు ఆగిపోయింది. కిటికీల్లోంచి ఒక్కొక్క తలే బయటికొచ్చింది. మేము మళ్ళీ అరిచాం.