అన్న కారుకు పిస్టన్లు

కారు వేగం పెంచే సూపర్‌చార్జర్ పెడితే ఇంజన్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని తట్టుకునే పిస్టన్లకు ఆర్డరిచ్చి, దుబాయ్‌లో ఉన్న అన్నకు చెప్పకుండా ఆయన కారు ఇంజన్‌ను కోరుట్లలో మా ఇంటి షెడ్డులో విప్పేశాను. జగిత్యాలలో పిస్టన్లు ఆడే సిలిండర్లను అర మిల్లీమీటరు పెద్దవి చేయించాను. పిస్టన్లు చేతికొచ్చాకే ఆ పని చేయించాలని చదువుకున్నవాణ్ణే. కొత్తవి రాలేదు. పాతవి ఇక సరిపోవు.

అంతలో అన్న వీడియో కాల్ చేశాడు. "శుక్రవారం అస్తున్న. అందరు మన కార్లనే ఎయిర్‌పోర్టుకు రాండ్రి. ఒక్కసారి స్టార్ట్ చెయ్‌రా, సౌండ్ ఇంట."

అమ్మ ఫోన్ పట్టుకుని షెడ్డు వైపు నడిచింది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"జరుగురా, ఏంది గట్ల నిలబడ్డవ్?" అంది అమ్మ.

"అన్నా, కిరాయి కారు మాట్లాడుత," అన్నాను.

అన్న నవ్వు ఆగిపోయింది. "ముందుగాల నువ్వు పక్కకు జరుగు," అన్నాడు.