ఇంటిపేరు చూడని బేరం

బేరంలో నన్ను మించినవాడు గుంటూరులో లేడనడానికి నా దగ్గరో రుజువుంది: అక్క మిరపచేను కోసం పురుగుల ఎరలు సగం ధరకే తెచ్చాను. ఆ చేను దక్కలేదు.

కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకు కొంటే నాకు అన్నం సహించదు. అక్కను నల్లపాడు అవతల సేద్యం చేసే ఇంటికిచ్చారు. ఆ ఏడు బావ కౌలుకు చేసిన చేలో మిరపాకులు దోనెల్లా పైకి ముడుచుకున్నాయి. వ్యవసాయాధికారి చూసి తామరపురుగన్నాడు. మందు పేరూ, పురుగు లాటిన్ పేరూ నా ఫోన్‌కి పంపాడు: సిర్టోత్రిప్స్ డోర్సాలిస్.

పురుగుమందుల కొట్లో ధర విని, చవకైనదేమైనా ఉందేమోనని వెతికాను. మూలన, మామిడి సీజన్లో మిగిలిపోయిన ఎర డబ్బాలున్నాయి. వాటి మీద బాక్ట్రోసెరా డోర్సాలిస్ అని ఉంది.

"అవి పండుఈగకండీ," అన్నాడు కొట్టతను.

"డోర్సాలిస్ అనేగా ఉంది, పేరు అదేగా! అమ్ముడుపోని సరుక్కి ఇంత బెట్టేంటండీ?" అని సగానికి దించాను.

బావ వాటిని చేను చుట్టూ కట్టాడు. నాలుగు రోజులకే డబ్బాల నిండా ఈగలు.

"నీ బుర్రే బుర్రయ్యా, బామ్మర్దీ!"

ఇక మందెందుకని ఊరుకున్నాం. రెండు వారాలు. చేను మాత్రం ఇంకా ముడుచుకుపోయింది. అక్కే మళ్ళీ అధికారిని పిలిచింది. డబ్బాల్లో పడ్డవి పక్క జామతోట ఈగలని తేలింది. డోర్సాలిస్ అంటే వీపుకు సంబంధించినదట. వీపు లేని పురుగెక్కడుంది? వేప, చింత, మామిడి మూడూ 'ఇండికా'లేనట, ముందుండే పేర్లు వేరట.

ఆయన వెళ్ళాక అక్క అంది: "ఒరేయ్, మొదటిది ఇంటిపేరంట్రా. మన వీధిలో నీ పేరున్నోళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళ మందు నువ్వు తాగుతావా?" నవ్వుతూనే అంది. కొంగు మాత్రం కళ్ళ దగ్గరే ఉంది.

ఆలస్యంగా కొట్టిన మందు చేనును నిలబెట్టలేదు. చెట్లు పీకేశారు. కౌలు చేజారింది. బావ పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి వెళ్ళాడు. వచ్చినప్పుడల్లా దగ్గుతాడు. బేరాల ఊసెత్తడు.

లెక్క తేలిస్తే, నేను మిగిల్చింది ఎర డబ్బాల్లో సగం ధర. పోయింది వాళ్ళ చేను. అందులో పురుగు వాటా ఎంతో తెలియక, నా వాటా తగ్గించుకోవాలని ఇప్పటికీ మనసు బేరమాడుతుంది. ఆ రెండు వారాలు మాత్రం పూర్తిగా నావే.