పెద్ద బండి పట్టే సందులు

ఆ రోజు పొద్దున బాల్కనీలోంచి చూస్తే కిందింటి మామ స్కూటర్ మొహం గోడ వైపు ఉంది. ఆయన దాన్ని ఎప్పుడూ అలా పెట్టలేదు. ఎంత అలసిపోయి వచ్చినా వెనక్కి నెట్టి, హ్యాండిల్ రోడ్డు వైపు ఉండేలా నిలిపేవారు. నేను దాన్నే చూస్తూ ఉండగా అమ్మ వచ్చి చెప్పింది. ముందు రోజు సాయంత్రం కూరగాయలకు పోయిన చోట మామకు గుండెనొప్పి వచ్చిందట. దవాఖానాకు చేరేలోపే పోయారట. స్కూటర్‌ను ఆయన బావమరిది తెచ్చి పెట్టాడు.

మామ ఫైర్ స్టేషన్‌లో డ్రైవర్. ఉప్పల్‌లో మా ఇంటి కింది వాటాలో పదిహేనేళ్లు ఉన్నారు. చిన్నప్పుడు నేను ఆయన మంటల్లోకి దూకుతారని అనుకునేదాన్ని. మంట దగ్గరగా ఎలా ఉంటుందని ఒకసారి అడిగితే నవ్వారు.

"నాకేం ఎరుక బిడ్డా? వాళ్లు పైపు గుంజుకొని లోపటికి పోతరు. నేను బండి కాడ్నే ఉంట. మీటర్ల సూది సూస్త. మంట దిక్కు సూడనే సూడ."

"ఎందుకు?"

"సూది కిందికి పడ్డదంటే లోపలున్నోనికి నీళ్లు బంద్. నేను మంట సూసుకుంట నిలబడితే వాడేం గావాలె?"

కాల్ రాని రోజు పైపులు కడిగి ఆరేయడమే పని అనేవారు. జవహర్‌నగర్‌లో ఊరి చెత్తంతా పోసే గుట్ట అంటుకుంటే మూడు నాలుగు రోజులు పొగలోనే. తిరిగొస్తే అత్త గేటు దగ్గరే చొక్కా విప్పించేది.

"గా చెత్త వాసనతోని ఇంట్లకు రాకు."

"అది నీ పాత చీరెల వాసనే. పోయిన్నెల నువ్వే పారేస్తివి గద."

నాకు చొక్కా మీది మసి కంటే అత్త నవ్వు ఆపుకోలేక లోపలికి పోవడమే బాగా గుర్తుంది.

ఒకసారి నాచారంలో ఒక థర్మాకోల్ గోదాం అంటుకుంది. గోదాం ఉన్న సందు మామకు తెలిసినదే. కానీ మధ్యలో ఎవరో కొత్తగా ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. అంత పెద్ద బండిని సందు పొడవునా వెనక్కి తీసి, చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. ఈలోగా బకెట్లతో నీళ్లు కొడుతున్న పనివాడికి రెండు చేతులూ కాలాయి. అతన్ని చూడడానికి మామ వారం రోజులు దవాఖానాకు వెళ్లారు. ఎవరూ మామను తప్పు పట్టలేదు. అయినా డ్యూటీ లేని ఆదివారం ఒక కొలిచే టేపు కొనుక్కుని నాచారం బయలుదేరారు. ప్రతి సందు, ప్రతి గేటు కొలవాలని.

అప్పుడు నేను పదో తరగతి. మా కాన్వెంట్‌లో మౌనంగా ఉండే పిల్ల మంచి పిల్ల కింద లెక్క. అమ్మకు మాత్రం దిగులు.

"ఇది నోరు తెరవదన్నా. ఎట్ల బతుకుతదో ఏమో."

"నాతోని పంపియ్యి చెల్లె. నాకు రాసేటోళ్లు గావాలె."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. టేపు ఆయన పట్టేవారు. గేటు వెడల్పు, పైన వేలాడే తీగల ఎత్తు, బండి ఎక్కడ తిప్పుకోవచ్చు, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయడం నా పని. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వాచ్‌మన్‌ను అడగడమూ నా పనే. మొదటి వాచ్‌మన్ "ఏందమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. మామ సాయం రాలేదు. తల పైకెత్తి కరెంటు తీగలు చూస్తూ నిలబడ్డారు. నాలుగోసారికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తిరిగి వస్తూ అన్నారు: "మీ సిస్టర్లు మెల్లగ మాట్లాడుమన్నరు, మంచిదే. గని పొగల మెల్లగ మాట్లాడితే ఎవ్వల్కి దొరకవు బిడ్డా."

ఇవాళ ఆఫీసు మీటింగులో నేను ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలుగుతున్నానంటే, అది ఆ గేట్ల దగ్గర నేర్చుకున్నదే. ఎర్ర బండి గంట కొట్టుకుంటూ పోతే మీకు పైపు పట్టేవాళ్లు గుర్తొస్తారేమో. నాకు స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి గుర్తొస్తారు.

డిగ్రీ అయ్యాక పోచారంలో ఉద్యోగం వచ్చింది. ఆదివారం నిద్రకూ పుస్తకాలకూ సరిపోయేది.

"ఈ ఆయితారం వస్తవా బిడ్డా?"

"వచ్చే వారం మామా."

ఇలా కొన్ని వారాలు గడిచాయి. తర్వాత ఆయన అడగడం మానేశారు. నోట్‌బుక్ నా అలమారలోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం పొద్దున స్కూటర్ చప్పుడు వినిపించేది. నేను పుస్తకంలో ఇంకో పేజీ తిప్పేదాన్ని.

మామ పోయిన మూడో రోజు స్టేషన్ వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక డ్రైవర్ నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, గేట్ల బుక్కు నీ దగ్గర ఉందంట?"

"ఫోన్‌లో మ్యాప్ ఉంటుంది కదా?"

"మ్యాపు దారి చెప్తది. తాళం ఎవని దగ్గరుందో చెప్పదు గద. దారి దొరకకుంటే గింతకాలం మామకే ఫోన్ గొడ్తుంటిమి. ఇప్పుడు ఎవల్కి గొట్టాలె?"

నోట్‌బుక్ సగంలో ఆగిందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. మిగతా సగం ఆయన తలలోనే ఉండి, ఆయనతోనే పోయింది. కొన్ని ఆదివారాలు గడువు ఇమ్మన్నాను.

మొన్న ఆదివారం నేను ఒక్కదాన్నే నాచారం వెళ్లాను. నోట్‌బుక్‌లో రాత ఆగిన సందు తర్వాతి సందులో మొదటి గేటు దగ్గర పెద్దవయసు వాచ్‌మన్ ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గేటు కొలుచుకోవచ్చా అని గట్టిగానే అడిగాను.

"మళ్ల కొలుసుడెందుకు? పద్నాలుగు ఫీట్లు. పోయిన్నెలనే ఒక సారు కొలిసిండు."

"ఆయన రాసుకున్నారా?"

"లే. నేను గూడ అడిగిన, రాసుకోవా సారూ అని. రాసే బిడ్డ వస్తది, ఆమెకు చెప్పు అన్నడు. నువ్వేనా?"

నేనే అన్నాను. పద్నాలుగు అడుగులు, తాళం వాచ్‌మన్ దగ్గర అని రాసుకున్నాను. ఆయన కుర్చీ పక్కకు జరిపి, గేటు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి చూపించాడు.

ఆ గేటు కొలిచేనాటికి మామ రిటైరై రెండేళ్లు దాటింది.